నీళ్ళలో నడవమని చెప్పాను

ఎముకల డాక్టర్ల గురించి జనానికి ఒక అభిప్రాయం ఉంది. సుత్తి, రంపం, డ్రిల్లు పట్టుకుని పని చేసేవాళ్ళం కాబట్టి మా గుండె కూడా గట్టిదే అనుకుంటారు. నా సంగతి అది కాదు. నేను ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూసే మనిషిని. కారెక్కాక గ్యాసు కట్టేశానో లేదో అని మళ్ళీ దిగే మనిషిని. ముప్ఫై ఏళ్ళకు పైగా నెల్లూరులో ఆపరేషన్లు చేశాను. ఏ ఆపరేషన్‌కు ముందు పూట కూడా నాకు అన్నం సహించలేదు. మావారు అలవాటు పడిపోయి, ఆ పూట ఏమీ అడక్కుండా మజ్జిగన్నం కలిపి పెట్టేవారు.

మొన్న నేను రిటైరైన రోజు ఆసుపత్రిలో చిన్న సభ పెట్టారు. కొత్తగా చేరిన డాక్టర్లు, "మాకు రెండు మాటలు చెప్పండి మేడం" అని అడిగారు. మైకు చేతిలో పెట్టేసరికి, బాగా చదువుకోండి, పేషెంట్లతో ప్రేమగా ఉండండి అని ఏదో అనేసి కూర్చున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఆ రోజు చెప్పాల్సింది వేరే ఉంది. అది మైకులో చెప్పే విషయం కాదు, అందుకని కూర్చుని రాస్తున్నాను.

నేను ఎక్కడ చదివాను, ఎప్పుడు ఏ పదవి వచ్చింది, అవన్నీ మీకు అనవసరం. ఒక మనిషి చీలమండ గురించి చెబుతాను. దానికి నేను రెండుసార్లు ఆపరేషన్ చేశాను. రెండోది చేయాల్సి రావడానికి కారణం నేనే.

బెణుకని పంపేస్తాం

ఆయన పేరు మస్తాన్. ఇందుకూరుపేట దగ్గర ఊరు. రొయ్యల గుంటల్లో నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఉంటాయి కదా, వాటి మోటార్లు బాగుచేసే మెకానిక్. వయసు నలభై లోపే. చుట్టుపక్కల గుంటల వాళ్ళందరికీ ఆయన ఫోన్ నంబరు కంఠతా వచ్చు. మోటారు ఆగిపోతే నీళ్ళలో గాలి తగ్గి రొయ్య చచ్చిపోతుంది. కాబట్టి కబురొస్తే తింటున్న ముద్ద వదిలేసి పరిగెత్తాల్సిన పని.

ఒకసారి మోటారు భుజాన వేసుకుని గుంట కట్ట మీద నడుస్తుంటే కుడికాలు మడతపడింది. వాచింది. నాటు కట్టు కట్టించుకున్నాడు. ఇంకొక డాక్టరు ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు, బెణుకే అన్నాడు. వాపు తగ్గింది, నొప్పి తగ్గలేదు. రెండేళ్ళు అలాగే గడిపి నా దగ్గరకు వచ్చాడు.

"లోపల యాడో పట్టేసినట్టు ఉంటాది మేడం. పొద్దున బాగానే ఉంటాది. సాయంత్రానికి చెప్పులో కాలు పట్టదు. కట్ట దిగేటప్పుడు పానం పోతాది" అన్నాడు.

ఇక్కడ కొత్త డాక్టర్లకు ఒక మాట. చీలమండ మడతపడినవాళ్ళలో చాలామందికి అది నిజంగా బెణుకే, తగ్గిపోతుంది. అందువల్లే మనకు ఒళ్ళు బరువెక్కి, తగ్గనివాళ్ళను కూడా బెణుకని పంపేస్తాం. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, ఎముక మీదున్న పొర కనబడదు. దాన్ని పుస్తకాల్లో మృదులాస్థి అంటాం, పేషెంట్లు గుజ్జు అంటారు. అది గుజ్జులా ఉండదు. తెల్లగా, నున్నగా, కాయలో కొబ్బరిలాగా ఎముకకు అంటుకుని ఉంటుంది. దానికి రక్తం సరిగా అందదు కాబట్టి దెబ్బ తగిలితే తనంతట తాను మానదు. నెలలు గడిచినా లోపల నొప్పి అంటున్నవాడిని సోమరి అనుకునే డాక్టర్లను చాలామందిని చూశాను. నేనూ కొన్నాళ్ళు అనుకున్నాను, దాచడం ఎందుకు.

మస్తాన్‌కు స్కానింగ్ తీయిస్తే చీలమండ లోపలి అంచున ఆ పొర చింతగింజంత మేర ఊడి కనబడింది. ఆయన భార్య షంషాద్ పక్కనే నిలబడి ఉంది. ఇంటి దగ్గర బట్టలు కుడుతుందట. ఫిల్ము వైపు ఒక్కసారి కూడా చూడలేదు, నా ముఖమే చూస్తోంది.

"డాక్టరమ్మా, ఒక్కటే చెప్పండి. ఈయన మళ్ళా గుంటల్లోకి దిగతాడా, దిగడా?"

మొదటి దారి చిన్న ఆపరేషన్ అనీ, అది కుదరకపోతే రెండోది పెద్దదనీ, అదీ కుదరకపోతే కీలు కదలకుండా అతికించెయ్యాల్సి వస్తుందనీ చెప్పాను. అతికిస్తే నొప్పి పోతుంది. సిమెంటు రోడ్డు మీద నడవగలడు. గుంట కట్ట ఏటవాలుగా, జారుతూ ఉంటుంది, దాని మీద ఎక్కి దిగాలంటే చీలమండ వంగాల్సిందే. అతికిస్తే మస్తాన్ పని అయిపోయినట్టే. ఇది ఆ రోజే ముగ్గురికీ తెలుసు.

మొదటి ఆపరేషన్

సన్నని గొట్టంతో కెమెరా లోపలికి పంపి, ఊడిన పొరను శుభ్రం చేసి, కింద ఎముకలో చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తాం. ఆ రంధ్రాల్లోంచి రక్తం ఊరి, గడ్డకట్టి, మెల్లగా కొత్త పొరగా మారుతుంది. అసలు దానంత గట్టిది కాదు, పనికి సరిపోతుంది. ఆ రక్తపు గడ్డ మొదట్లో చాలా నాజూకు. దాని మీద బరువు పడినా, పక్కకు లాగుడు పడినా ఊడొస్తుంది. అందుకే ఆరు వారాలు కాలు నేలకు ఆనించకూడదు.

ఆపరేషన్ బాగా జరిగింది. రంధ్రాల్లోంచి ఎర్రగా చుక్కలు ఊరడం తెర మీద చూసి ఊపిరి పీల్చుకున్నాను. ఆ తరువాత ఆరు వారాలు మాత్రం నాకు ఊపిరాడలేదు. డిశ్చార్జి చేసేటప్పుడు మస్తాన్‌ను బెదిరించాను. "కాలు కింద పెట్టావని తెలిసిందా, మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దు" అన్నాను. నాకు భయం వేస్తే కోపంగా బయటికొస్తుంది. పేషెంటుకు కోపమే కనబడుతుంది, భయం కనబడదు. ఆ సంగతి నేను చాలా ఆలస్యంగా గ్రహించాను.

షంషాద్ ఆ ఆరు వారాలూ ఆయన్ని మంచం దిగనివ్వలేదు. కర్రలతో బాత్‌రూముకు వెళ్ళేటప్పుడు కూడా వెనకే నడిచిందట. మిషను మంచం పక్కకే జరుపుకుని, ఒక కన్ను గుడ్డ మీద, ఒక కన్ను మొగుడి కాలి మీద పెట్టి కుట్టింది. ఫోన్లో నేను అడిగినప్పుడల్లా, "నేనుండా గదా డాక్టరమ్మా, ఈయన్ని నమ్మొద్దు, నన్ను నమ్మండి" అనేది.

ఆరు వారాలకు వచ్చారు. కుట్లు చక్కగా మానాయి. వాపు లేదు. వేలితో నొక్కితే, "లేదు మేడం, నొప్పి లేదు" అన్నాడు. నాకు లోపల గంతెయ్యాలనిపించింది.

నా సొంత తెలివి

ఇప్పుడు నా తప్పు దగ్గరకు వస్తున్నాను.

ఈ కెమెరా ఆపరేషన్లు నేర్చుకోవడానికి ఉద్యోగం కొత్తలో కొన్ని నెలలు చెన్నైలో ఒక పెద్ద సర్జన్ దగ్గర ఉన్నాను. మాట తక్కువ మనిషి. ఆపరేషన్ సగం పని, మిగతా సగం పేషెంటు ఇంటి దగ్గర చేస్తాడు అనేవాడు. ఆయన ఆసుపత్రిలో ఈతకొలను ఉండేది. కాలికి ఆపరేషన్ అయినవాళ్ళను మొదట ఛాతీ లోతు నీళ్ళలో నడిపించేవాడు. నీళ్ళు ఒంటిని తేలుస్తాయి, కాలి మీద బరువు సగానికి పైగా తగ్గుతుంది, భయం లేకుండా నడక వస్తుంది. మంచి పద్ధతి. ఇప్పటికీ మంచి పద్ధతే.

నెల్లూరు వచ్చాక నాకు కొలను లేదు. కానీ సముద్రం పక్కన ఉన్నాం, కాలవలున్నాయి, గుంటలున్నాయి, నీళ్ళకు మనకేం కరువు అనుకున్నాను. నా పేషెంట్లకు, "ఛాతీ లోతు నీళ్ళలో రోజుకు అరగంట నడవండి" అని చెప్పడం మొదలుపెట్టాను. డాక్టర్ల సమావేశంలో ఒకసారి దీని గురించి మాట్లాడితే చప్పట్లు కొట్టారు. పల్లెటూరికి తగ్గట్టు వైద్యం మార్చుకున్నానని అందరూ మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను.

మస్తాన్‌కూ అదే చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"నీళ్ళా మేడం? నేను పుట్టిందే నీళ్ళలో. రెడ్డిగారి గుంట ఒకటి ఖాళీగా ఉండాది, దున్ని నీళ్ళు పెట్టినారు, ఇంకా రొయ్య పిల్ల ఎయ్యలా. ఆడ నడస్తా."

"మంచిది" అన్నాను.

ఆ ఒక్క మాట అన్నాను చూడండి. దున్ని నీళ్ళు పెట్టినారు అని ఆయన నోటితో చెప్పాడు. నేను కేసు షీటులో రాసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

వీడియో

నెల రోజులకు షంషాద్ ఫోన్ చేసింది. నొప్పి మళ్ళీ మొదలైందట. వాపు కూడా ఉందట. 

"ఎక్కడైనా పరిగెత్తాడా? బండి నడిపాడా? బరువు ఎత్తాడా?" వరసపెట్టి అడిగాను. నా గొంతు పెద్దదైపోయింది.

"అమ్మతోడు డాక్టరమ్మా, ఏమీ చెయ్యలా. మీరు చెప్పిన నడక తప్ప ఏమీ చెయ్యలా. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. త్వరగా తగ్గతాదని రెండు పూట్లా చేసినాడు. కావాలంటే చూడండి, నేను వీడియో తీసినా."

వాట్సాప్‌లో పంపింది. అవుట్‌పేషెంట్ గదిలో కూర్చుని చూశాను. బయట నలభై మంది వరసలో ఉన్నారు. వీడియోలో మస్తాన్ ఛాతీ లోతు నీళ్ళలో ఉన్నాడు, కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు. ఒక అడుగు వేశాడు. ఆ వెంటనే ఒళ్ళంతా ఎడమవైపుకు వంచి, భుజం పైకి ఎగదీసి, రెండు చేతులతో నీళ్ళను తోసి, కుడికాలు పీకాడు. మళ్ళీ అడుగు. మళ్ళీ పీకుడు.

గుంట అడుగున బురద. దున్నిన బురద, పిక్కల దాకా దిగబడుతుంది. కాలి మీద బరువు తక్కువే పడింది, నిజమే. కానీ ప్రతి అడుగుకూ పాదాన్ని బురద పట్టుకుంటుంది, మనిషి పైకి లాగుతాడు, మధ్యలో చీలమండ సాగి, మెలిపడుతుంది. ఆ నాజూకు పొర మీద నెల రోజుల పాటు, రోజుకు గంట సేపు ఇది జరిగింది. నేను నడవమన్నాను కాబట్టి జరిగింది.

ఆయన బురదలో పెరిగిన మనిషి. బురదలోంచి కాలు పీకడం ఆయనకు ఊపిరి తీసినంత సహజం, అది కష్టమని కూడా తెలియదు. నేనేమో చెన్నైలో పలకరాళ్ళు పరిచిన కొలను తప్ప వేరే నీళ్ళలో పేషెంటును నడిపించి ఎరగను. నీళ్ళ లోతు చెప్పాను. అడుగున ఏముందో అడగలేదు. వీడియో ఆరేడుసార్లు చూశాను. నర్సు తలుపు తీసి, "మేడం, లోపలికి పంపమంటారా?" అని అడిగితే కాసేపు ఆగమన్నాను.

కేసు షీటులో వాక్యం

మళ్ళీ స్కానింగ్ తీయించాం. కొత్తగా ఏర్పడిన పొర చిరిగిపోయి ఉంది. కింద ఎముక కూడా మెత్తబడింది. చిన్న ఆపరేషన్‌కు ఇక అవకాశం లేదు.

మా ఆసుపత్రి పెద్ద డాక్టరు నాకంటే చిన్నవాడు. తెలివైనవాడు, ఆసుపత్రిని నిలబెట్టినవాడు, నాకు ఎప్పుడూ గౌరవమిచ్చినవాడు. సంగతంతా ఆయనకు చెప్పాను. వీడియో చూపించాను.

ఆయన నిదానంగా విని, "మేడం, మీరు రోజుకు అరగంట అన్నారు. ఆయన రెండు పూటలా చేశాడు. సూచనలు పాటించలేదు అని రాసేయండి. అది అబద్ధం కూడా కాదు" అన్నాడు.

అబద్ధం కాదు. అక్కడే ఉంది చిక్కు. మన వృత్తిలో తప్పు తప్పించుకోవడానికి అబద్ధం ఆడనక్కర్లేదు. సగం నిజం రాస్తే చాలు. "పేషెంటు సూచనలు పాటించలేదు" అన్న వాక్యం నేను నా జీవితంలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అందులో ఎన్నిసార్లు నిజంగా పాటించలేదో ఇప్పుడు నాకు తెలియదు.

ఆ రోజు కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రాయాలనే ఉంది, నిజం చెబుతున్నాను. కేసు వేస్తారేమో, పేపరులో వస్తుందేమో, రిటైరవ్వడానికి కొద్దికాలం ముందు ఈ మచ్చ ఎందుకు అని మనసు పీకింది. నేనేమీ ధైర్యవంతురాలిని కాదు. చివరికి రాయకుండా ఆగింది ఒకే ఒక్క కారణంతో. రాస్తే షంషాద్ దాన్ని ఎవరితోనైనా చదివించుకుంటుంది. ఆ ఆరు వారాల కాపలా అంతా వృథా అని, తన మొగుడే చెడగొట్టుకున్నాడని జీవితాంతం అనుకుంటుంది. ఆయన కూడా నమ్ముతాడు. అప్పటికే నమ్ముతున్నాడు. స్కానింగ్ గది బయట నన్ను చూడగానే, "తొందరపడ్డా మేడం, తప్పు నాదే" అన్నాడు. నేను ఆ నిమిషంలో జవాబు చెప్పకుండా నడిచి వెళ్ళిపోయాను. ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

చెప్పడం

మరునాడు ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టాను. నర్సును బయటికి పంపాను. 

"మస్తాన్, తప్పు నీది కాదు, నాది. నేను నీళ్ళలో నడవమన్నాను. అడుగున గట్టి నేల ఉండాలని చెప్పలేదు. బురదలో నడిస్తే లోపలి పొర చిరుగుతుందని నేను ఆలోచించి ఉండాల్సింది. నువ్వు గుంట అని చెప్పావు కూడా. నేను వినిపించుకోలేదు."

షంషాద్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది.

"అయితే ఎందుకమ్మా ఫోన్లో నా మీద అట్ట అరిచినారు? పరిగెత్తినాడా, బండి నడిపినాడా అని? ఆరు వారాలు నేను కన్ను మూయలా తెలుసా మీకు? ఈయన కాలు జారితే మీరు తిడతారని వణికిపోయినా. మీరేమో..."

మాట పూర్తి చేయలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నేను క్షమించమని అడిగాను. ఆమె వినిపించుకోలేదు, వినిపించుకోవాల్సిన అవసరమూ లేదు.

మస్తాన్ తన కాలి వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. అరుస్తాడేమో అని ఎదురుచూశాను. అరిస్తే తేలికగా ఉండేది. తలెత్తి ఒకటే అడిగాడు.

"ఇంకెవురికైనా ఇట్టనే చెప్పినారా మేడం?"

"చెప్పాను."

"వాళ్ళకు తగ్గిందా?"

"తగ్గే ఉంటుంది. మళ్ళీ ఎవరూ రాలేదు."

అనేసిన తరువాత నా మాట నాకే వినబడింది. ఎవరూ రాలేదు. ఇన్నేళ్ళూ తిరిగి రాకపోతే తగ్గిపోయిందని లెక్కేసుకున్నాను. మస్తాన్ నన్ను చూసి మళ్ళీ కాలి వైపు తిరిగాడు.

రెండోసారి

ఇంకో డాక్టరు దగ్గర చేయించుకుంటామన్నా అడ్డు చెప్పకూడదని, చెన్నై సర్జన్ల పేర్లు రాసిచ్చాను. వారం తరువాత ఇద్దరూ నా దగ్గరకే వచ్చారు. ఎందుకు వచ్చారో నేను అడగలేదు. షంషాద్ మాత్రం, "ఈసారి ఏం చెయ్యాలన్నా నాకు చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. ఊరికే చెయ్యమంటే చెయ్యము" అంది. అంతకంటే మంచి షరతు ఏ పేషెంటూ నాకు పెట్టలేదు.

రెండో ఆపరేషన్ పెద్దది. మోకాలి పక్కన బరువు పడని చోటు నుంచి ఎముకతో సహా గుజ్జును చిన్న కడ్డీలాగా తీసి, చీలమండలో పాడైన చోట రంధ్రం చేసి దించుతాం. అక్కడికి చేరాలంటే లోపలివైపు ఎముకను కోసి, తలుపులాగా తెరిచి, పని అయ్యాక స్క్రూలతో బిగించాలి. కడ్డీ ఒక్క వెంట్రుక వాసి పైకి లేచినా నడిచేటప్పుడు రాపిడి. లోతుకు పోయినా పనికిరాదు. దాన్ని వేలితో తడిమి, మళ్ళీ తడిమి, నా వేలి మీద నమ్మకం లేక మత్తుమందు డాక్టరును అడిగాను, "మీకు సమంగా కనిపిస్తోందా?" అని. ఆయన నవ్వి, "నన్నా అడుగుతున్నారు మేడం?" అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

ఆ తరువాత మునుపెన్నడూ చేయని పని ఒకటి చేశాను. పేషెంటు ఊరికి వెళ్ళాను. ఇంటి గడప ఎంత ఎత్తుందో, బాత్‌రూము ఎక్కడుందో, కట్ట ఎంత వాలుందో నడిచి చూశాను. కట్ట మీద నేను రెండుసార్లు జారాను. రెండోసారి షంషాద్ పట్టుకుంది, లేకపోతే నేనే పేషెంటునయ్యేదాన్ని. "ఇప్పుడు తెలిసిందా డాక్టరమ్మా" అంది. నవ్విందో, ఎత్తిపొడిచిందో చెప్పలేను. నడక నేర్పడానికి మసీదు పక్క సిమెంటు రోడ్డు చూసుకున్నాం. ఇంటి నుంచి అక్కడికి కర్రలతో నలభై అడుగులు.

కోసిన ఎముక అతికింది. కడ్డీ నిలబడింది. ఏడాది గడిచేలోపు మస్తాన్ కట్ట మీదికి తిరిగి వెళ్ళాడు. మోటార్లు ఇప్పుడు భుజాన మొయ్యడు, బామ్మరిది మోస్తాడు. నీళ్ళలోకి దిగి మరమ్మతు మాత్రం తనే చేస్తాడు. సాయంత్రాలు కాస్త వాపు ఉందంటాడు. ఎప్పుడు ఫోన్లో ఆయన పేరు కనబడినా కాలికి ఏమైందోనని హడావుడిగా ఎత్తుతాను. మూడొంతులు సలహా అడగడానికే చేస్తాడు, గుంటల్లో ఎవరికో కాలు మడతపడిందనో, వేలు తెగిందనో.

రానివాళ్ళు

మస్తాన్ అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ముందు ఈ కాలు నిలబడనీ, తరువాత మిగతావాళ్ళ సంగతి చూద్దాం అని ఏడాది తోశాను. అది సాకు. ఏం వినాల్సి వస్తుందోనని భయం. ఉద్యోగం ఇంకో నెలలో అయిపోతుందనగా పాత రిజిస్టర్లు తీయించి, చీలమండ ఆపరేషన్ చేసి నీళ్ళలో నడవమన్నవాళ్ళ నంబర్లు రాసుకుని కూర్చున్నాను. కొన్ని నంబర్లు పనిచేయలేదు. కొందరు బాగున్నామన్నారు. కాలవలో ఇసక నేల దొరికినవాళ్ళకు నిజంగానే మేలు జరిగింది. ఒకాయన నేనెవరో గుర్తుపట్టక, బ్యాంకు లోను కోసం చేసే ఫోననుకుని పెట్టేశాడు.

వాకాడు వైపు సముద్రం ఒడ్డున ఊరు, కోటమ్మ అని ఒకామె. చేపలు అమ్ముకునేది. ఆమెకు ఆపరేషన్ చేసి చాలా ఏళ్ళయింది. ఫోన్ కోడలు ఎత్తి ఆమెకిచ్చింది. నా పేరు చెప్పగానే, "అమ్మా, మీరా! బాగుండారా?" అని సంబరపడింది.

"కాలు ఎలా ఉంది కోటమ్మా?"

"ఏదో ఉండాదమ్మా. కర్ర పట్టుకుని ఇంట్లో తిరగతా. గంప ఎత్తడం మానేసి శానా కాలమాయె."

"మరి నా దగ్గరకు ఎందుకు రాలేదు?"

 వెనకాల కోడలు ఎవరినో పిలవడం వినిపించింది.

"మీరు చెప్పినట్టే సముద్రంలో నడిచినానమ్మా. అల ఎనక్కి పోతా కాళ్ళ కింద ఇసక లాక్కపోయేది, కాలు మెలిపడేది. అయినా ఇడవకుండా నడిచినా. తగ్గలా. మీరు చెప్పింది సరిగ్గా చెయ్యలేదేమో, మళ్ళా వస్తే తిడతారని రాలా."

 చెప్పాల్సిన మాటలు మస్తాన్ ముందు ఒకసారి చెప్పినవే, అయినా ఒక్కటీ నోటికి రాలేదు. కోటమ్మే మళ్ళీ అడిగింది.

"ఇప్పుడన్నా చెప్పండమ్మా, నేను యాడ తప్పు చేసినా?"